వార్తకు త్రోవ చూపు యంత్రములు

"అంతరాయమునకు చింతించుచున్నాము." రేడియో వినువారి కందరికిని చిరపరిచితమైన వాక్యమిది. వినువారికి ఇది ఒక మాట మాత్రమే. పలుకువారికి ఇది ఒక చిన్న ఓటమి. కొన్ని సంవత్సరముల క్రిందట, సముద్రతీరమునకు సమీపమున ఉన్న ఒక కేంద్రమున నేను పనిచేయుచుండగా, ఒక సాయంకాలము ఈ మాట పలుకుటకు కూడ నాకు వీలు లేకపోయినది. మత్స్యకారుల కొరకు వాతావరణ సూచన చదువుచున్నాను. ఎదుట ఎర్రదీపము వెలుగుచునే యున్నది. నా గొంతు నాకు వినబడుచునే యున్నది. కాని స్టూడియోకును ప్రసార స్తంభమునకును నడుమ భూమిలో పరచిన కేబులును, రోడ్డు పనికి వచ్చిన త్రవ్వు యంత్ర మొకటి తెంచివేసినది. ఇరువది నిమిషములు మా స్తంభము మూగదై నిలిచినది.

మరునాటి ఉదయము ఒక పల్లె నుండి ఒక వృద్ధుడు టెలిఫోను చేసెను. "నిన్న గాలి సంగతి సగంలో ఆగిపోనాది బాబూ! యేటకెళ్ళాలో వద్దో తెలీక మావోడు రేవులోనే కూకుండిపోనాడు. ఏటి సెప్పినారు?" అని అడిగెను. ఆనాటి సూచనలో భయపడవలసినది ఏదియు లేదు. మా మౌనము వలన ఒక ఇంటికి ఒక రాత్రి వేట పోయినది.

ఇందు విచారింపదగిన విషయ మింకొకటి కలదు. ఆనాడు మాకు రెండవ కేబులు లేకపోలేదు. అది వేరొక వీధి వెంట, వేరొక కార్యాలయము మీదుగా స్తంభము వరకును చక్కగా ఉన్నది. కాని మా గొంతును మోయు యంత్రమునకు ఒక్క త్రోవ మాత్రమే చెప్పబడి యుండెను. రెండవది కలదని దాని కెవ్వరును చెప్పలేదు. తనంతట తాను తెలిసికొను విద్యయు దానికి నేర్పలేదు. ఆ విద్యను గూర్చియే నేటి ప్రసంగము. ఆంగ్లమున దానిని డైనమిక్ రౌటింగ్ అందురు. అనగా, యంత్రములు తమలో తాము మాటలాడుకొని, ఎప్పటికప్పుడు త్రోవలను నిర్ణయించుకొనుట.

ముందుగా ఆ యంత్రమేదో చెప్పవలెను. దానిని స్విచ్చి అందురు. ఇది మన ఇంటి గోడకు ఉండు దీపపు స్విచ్చి కాదు. చదునైన ఇనుప పెట్టె. ముందు వైపున వరుసగా ఇరువది నాలుగో, నలువది ఎనిమిదో రంధ్రములు. ఒక్కొక్క రంధ్రమున ఒక్కొక్క తీగ. కంప్యూటర్ల నుండి వచ్చు సమాచారమును ఒక తీగ నుండి మరొక తీగకు మార్చుట దాని వృత్తి. సాధారణమైన స్విచ్చికి తన గదిలోని యంత్రములు మాత్రమే తెలియును. మేలిరకము స్విచ్చి దూరపు చిరునామాలను కూడ చదివి, ఏది ఎటు పోవలెనో నిర్ణయింపగలదు. నేటి కళాశాలలలో, ఆసుపత్రులలో, బ్యాంకులలో, రేడియో కేంద్రములలో ఇట్టివే పనిచేయుచున్నవి.

నేను స్టూడియోలో పలుకు మాట స్తంభమునకు ఒక ధారగా పోవుట లేదు. అది వేలకొలది చిన్న ముక్కలుగా విభజింపబడి, ముక్కముక్కకును చిరునామా వ్రాయబడి ప్రయాణము చేయును. ఈ ముక్కను ప్యాకెట్టు అందురు. సమాచారమును ముక్కలు చేసి, ఏ ముక్క కా ముక్కను వీలైన త్రోవన పంపినచో, కొన్ని తీగలు తెగినను వార్త చేరునని అమెరికాలో పాల్ బారన్ 1960వ దశకపు తొలి వత్సరములలో ప్రతిపాదించెను. అదే దశకమున ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ స్వతంత్రముగా అదే ఆలోచనకు వచ్చి, ఆ ముక్కకు ప్యాకెట్టు అను పేరు పెట్టెను. 1969లో అమెరికాలో ఆర్పానెట్ అను పేర మొదలైన అల్లికలో ఈ పద్ధతి ఆచరణకు వచ్చినది. నేటి ఇంటర్నెట్టునకు మూలమదియే.

ప్యాకెట్టుపై వ్రాయు చిరునామాను ఐ.పి. చిరునామా అందురు. బహుళ వాడుకలో ఉన్న రూపమున అది నాలుగు అంకెల వరుస. ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు ఉండును. 10.1.3.25 అనునది అట్టి చిరునామాకు ఉదాహరణము. దీనిని చదువు తీరు మన తపాలా పిన్‌కోడును చదువు తీరు వంటిది. 1972 నుండి మన దేశమున పిన్‌కోడు వాడుకలో ఉన్నది. దూరపు ఊరిలో ఉత్తరములు వేరుచేయు ఉద్యోగి మొదట నున్న 5 అను అంకెను చూడగానే, ఇది తెలుగు రాష్ట్రములకో కర్ణాటకమునకో పోవలసినదని దక్షిణపు సంచిలో వేయును. మిగిలిన అంకెలతో ఆయనకు పని లేదు. దగ్గరకు వచ్చిన కొలది ఎక్కువ అంకెలు చూడవలసి యుండును. స్విచ్చియు అంతే. చిరునామాలో మొదటి భాగమును చూచి, తన యొద్ద నున్న మార్గపట్టికతో పోల్చును. "10.1.3 తో మొదలగునవి ఐదవ రంధ్రమున, మరెచ్చటికైనను ఇరువదవ రంధ్రమున" అని ఆ పట్టికలో ఉండును. ఒకటి కన్న ఎక్కువ వరుసలు సరిపోయినచో, ఎక్కువ అంకెలు కలిసిన వరుసకే ప్రాధాన్యము. ఈ నియమమును పాఠకులు జ్ఞాపక ముంచుకొనవలెను. దీని వలన వచ్చిన చిక్కు నొకదానిని ముందు చెప్పెదను.

ఇప్పుడు ప్రశ్న: ఈ పట్టికను ఎవరు వ్రాయవలెను? మనిషి తన చేతితో వ్రాయవచ్చును. దీనిని స్థిరమార్గ మందురు. రెండు మూడు స్విచ్చులు మాత్రమే ఉన్నచోట ఇది చాలును, సులభము కూడ. కాని స్విచ్చులు ఇరువది అయినప్పుడు, ఒక కేబులు తెగినచో ఇరువదింటి పట్టికలను తిరుగ వ్రాయవలెను. వ్రాయువాడు ఆ సమయమున భోజనమునకు వెళ్ళి యుండవచ్చును. మాకు జరిగినది అదే.

రెండవ పద్ధతి, పట్టికను స్విచ్చులే వ్రాసికొనుట. ఇందు రెండు సంప్రదాయములు కలవు.

మొదటిది ఇరుగుపొరుగుల మాటను నమ్ముట. ప్రతి స్విచ్చియు తన పొరుగువారికి, "ఫలానా చోటికి నా నుండి ఇన్ని మజిలీలు" అని చెప్పుచుండును. విన్నది దానికి ఒకటి కలిపి, తన పట్టికలో వ్రాసికొని, తన పొరుగునకు చెప్పును. రిప్ అను పద్ధతి ఈ కోవకు చెందినది. ఇది 1988లో ప్రమాణ గ్రంథమునకు ఎక్కినది. ఇందు ముప్పది సెకనులకు ఒకమారు ఈ కబురు సాగును. పద్ధతి సులభమే కాని, వదంతికి ఉండు దోషమే దీనికిని కలదు. ఒక వీధిలో వరుసగా మూడిండ్లు ఉన్నవనుకొనుడు. చివరి ఇంటికి పోవు త్రోవ తెగినది. నడిమి ఇల్లు ఆ మాట చెప్పుటకు ముందే మొదటి ఇల్లు, "చివరి ఇంటికి నా నుండి రెండు మజిలీలే" అనును. ఆ రెండును తన మీదుగానే అని మరచి, నడిమి ఇల్లు, "అయితే నాకు మూడు" అని వ్రాసికొనును. అది విని మొదటిది నాలుగనును, ఇది ఐదనును. లేని త్రోవ మాటలలో పెరుగుచుండును. అందుచేతనే ఈ పద్ధతిలో 15 మజిలీలే హద్దు. 16 అనిన త్రోవ లేదనియే అర్థము. ఎవరి వద్ద విన్న మాటను తిరిగి వారికే చెప్పరాదను నియమమును కూడ చేర్చిరి. అయినను పెద్ద అల్లికలకు ఇది చాలదు.

రెండవ సంప్రదాయము ఇంకను ప్రశస్తమైనది. దాని పేరు ఓ.ఎస్.పి.ఎఫ్. ఇందు ఏ స్విచ్చియు విన్న మాట చెప్పదు; తాను కన్నదే చెప్పును. "నాకు ఫలానా ఇద్దరు పొరుగువారు కలరు, వారికి నాకును మధ్య తీగ ఇంత వేగము కలది" అని మాత్రమే ప్రకటించును. ఆ ప్రకటనను తక్కినవారు మార్పు లేకుండ అందరికిని అందింతురు. అందరి ప్రకటనలును అందరికిని చేరిన పిమ్మట, ప్రతి స్విచ్చి యొద్దను అల్లిక యంతటి పటము ఒక్కటే తీరున ఏర్పడును. అటుపై దగ్గరి త్రోవను ఎవరికి వారే లెక్క కట్టుకొందురు.

ఆ లెక్కను కనిపెట్టినవాడు హాలెండు దేశీయుడు ఎడ్స్‌కర్ డైక్‌స్ట్రా. 1956లో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ నగరమున, తనకు కాబోవు భార్యతో కలిసి అంగళ్ళు తిరిగి అలసి, ఒక కాఫీ హోటలులో కూర్చుండి, కాగితము కలము లేకయే సుమారు ఇరువది నిమిషములలో దీనిని ఊహించెనట. ఒక కొత్త కంప్యూటరు శక్తిని జనులకు చూపుటకు, రెండు ఊళ్ళ నడుమ దగ్గరి దారిని కనుగొను సమస్యను ఆయన ఎంచుకొనెను. లెక్క 1959లో అచ్చయినది. దాని సారమును మన రైతు ఎరుగును. కాలువ తూము ఎత్తినప్పుడు నీరు అన్ని బోదెల వెంటను ఒకేమారు సాగును. దగ్గరి మడికి ముందు చేరును; అచటి నుండి దాని పొరుగు మడులకు పారును. ఏ మడికి నీరు ఏ బోదె నుండి మొదట చేరినదో, ఆ మడికి అదే దగ్గరి త్రోవ. స్విచ్చి తనను తూముగా భావించుకొని, పటముపై ఈ నీటిని పారించి చూచుకొనును.

ఒక ఉదాహరణము చెప్పెదను. ఒక కళాశాలలో కార్యాలయము, గ్రంథాలయము, ప్రయోగశాల అను మూడు భవనములు కలవు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క స్విచ్చి. కార్యాలయము నుండి గ్రంథాలయమునకును, అటనుండి ప్రయోగశాలకును సెకనుకు 1000 మెగాబిట్లు మోయు తీగలు. కార్యాలయము నుండి ప్రయోగశాలకు నేరుగా పాత తీగ ఒకటి కలదు. దాని వేగము 100 మెగాబిట్లు మాత్రమే. మజిలీలను లెక్కించు రిప్ పద్ధతి, నేరుగా పోవుటయే మేలని పాత తీగనే పట్టుకొనును. ఓ.ఎస్.పి.ఎఫ్. వేగమును బట్టి ప్రతి తీగకు ఒక వెల కట్టును. తీగ ఎంత వేగమైనదో వెల అంత తక్కువ. కాని ఇందొక మెలిక కలదు. పలువురు తయారీదారుల స్విచ్చులలో, 100 మెగాబిట్ల తీగకు వెల 1 అను పాత కొలత మొదటినుండియు ఉండును. వెల 1 కన్న తగ్గదు కనుక, 1000 మెగాబిట్ల తీగకును 1 యే. అప్పుడు నేరు త్రోవ వెల 1, గ్రంథాలయము మీదుగా 2. పాత తీగయే నెగ్గును! కొలతను 1000కి మార్చినచో, కొత్త తీగలకు ఒక్కొక్కటి 1 చొప్పున 2, పాత తీగకు 10 అగును. ప్యాకెట్లు గ్రంథాలయము మీదుగా పోవును. గ్రంథాలయపు తీగ తెగిన నాడు, 10 వెల గల పాత తీగయే ఆదుకొనును. ఈ కొలతను మూడు స్విచ్చులలోను ఒక్కతీరున మార్చవలెను.

ఇంటిలో యువకు లెవరైన ఈ విద్య నేర్చుచున్నచో, వారి కొరకు పని క్రమమును క్లుప్తముగా చెప్పెదను. మొదట, స్విచ్చిలో రౌటింగు చేయు శక్తిని మేల్కొలుపవలెను. అనేక స్విచ్చులలో అది నిద్రాణమై వచ్చును. రెండవది, ప్రతి విభాగమునకు దాని ద్వారపు చిరునామాను, స్విచ్చుల నడుమ తీగలకు వేరు చిరునామాలను ఈయవలెను. మూడవది, ఓ.ఎస్.పి.ఎఫ్.ను ప్రారంభించి, ప్రతి స్విచ్చికిని ప్రత్యేకమైన గుర్తు పెట్టవలెను. ఒకే గుర్తు ఇద్దరికి ఉన్నచో, ఒకే పేరుగల ఇద్దరు వ్యక్తుల ఉత్తరములవలె ప్రకటనలు కలగాపులగమగును. నాలుగవది, తీగలన్నింటిని ఒక మండలమున చేర్చవలెను. చిన్న అల్లికకు సున్న మండలము ఒక్కటి చాలును. ఐదవది, బయటి ప్రపంచమునకు పోవు త్రోవను కార్యాలయపు స్విచ్చి తక్కినవారికి ప్రకటింపవలెను.

పిమ్మట స్విచ్చులు ఒకదానిని ఒకటి పలుకరించుకొనుట మొదలిడును. సాధారణముగా పది సెకనుల కొకమారు ఈ పలకరింపు. నలువది సెకనులు పలుకు వినబడకున్నచో పొరుగు లేనట్లే భావించును. తన రంధ్రములోని తీగయే తెగినచో అంతసేపు ఆగదు, వెంటనే గ్రహించును. ఇరువైపులను పలకరింపు కాలములు, మండలము, చిరునామా హద్దులు సరిపోకున్నచో స్నేహమే కుదరదు. ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణము సరిపోకున్నచో, స్నేహము మొదలై సగములో నిలిచిపోవును. అందుచేత పొరుగువారి జాబితాను చూచి, స్నేహము పూర్తియైనదా లేదా అని పరిశీలింపవలెను. చివరకు చేసిన మార్పులను స్విచ్చిలో భద్రపరుపవలెను. దీనిని మరచినవారు, కరెంటు పోయి వచ్చిన పిమ్మట తమ శ్రమ యంతయు మాయమగుట చూచి తలపట్టుకొందురు.

ఇరుగుపొరుగుల మాటపై నడచు లోకమున, ఒకడు తప్పు చెప్పినచో ఏమగును? 1980 అక్టోబరు 27న ఆర్పానెట్‌లో ఇది జరిగినది. ప్రతి ప్రకటనకును ఒక వరుస సంఖ్య ఉండెడిది. కొత్తది వచ్చిన పాతదానిని పారవేయుట నియమము. సంఖ్యలు 63 దాటగానే, గడియారము వలె, మరల సున్న నుండి తిరుగును. ఒక యంత్రము లోపము వలన ఒకే ప్రకటన 44, 40, 8 అను మూడు సంఖ్యలతో వ్యాపించినది. గడియారపు లెక్కలో 40 కన్న 44 కొత్తది. 8 కన్న 40 కొత్తది. 44 కన్న 8 కొత్తది! మూడును ఒకదాని నొకటి తరుముకొనుచు తిరిగినవి. అల్లిక యంతయు కొన్ని గంటలు స్తంభించినది. నేటి ఓ.ఎస్.పి.ఎఫ్.లో సంఖ్యలు చక్రముగా తిరుగవు. ప్రతి ప్రకటనకును ఒక గంట ఆయుర్దాయము మాత్రమే. ఆ పాఠము వృథా పోలేదు.

2008 ఫిబ్రవరి 24న జరిగినది వేరొక తీరు. సంస్థకును సంస్థకును, దేశమునకును దేశమునకును నడుమ త్రోవలు చెప్పుకొనుటకు బి.జి.పి. అను పద్ధతి కలదు. ఆనాడు పాకిస్తాన్ టెలికాం, తమ దేశమున యూట్యూబును నిలుపుటకై, యూట్యూబు చిరునామాలకు త్రోవ తన వద్ద నున్నట్లు ప్రకటించినది. ఆ ప్రకటన దేశపు హద్దులు దాటిపోయినది. యూట్యూబు సొంత ప్రకటన కన్న ఇందు కలియు అంకెలు ఎక్కువ. మొదట నేను చెప్పిన నియమము చొప్పున లోకమున అనేక యంత్రములు దీనినే నమ్మినవి. సుమారు రెండు గంటలు యూట్యూబు అనేక దేశములలో కనబడకపోయినది. యంత్రములు నియమము తప్పలేదు. చెప్పిన మాటయే తప్పు. అందుచేతనే జాగ్రత్తపరులు పొరుగుల మధ్య రహస్యపు గుర్తులు పెట్టుదురు. సామాన్యులు వాడు రంధ్రముల వైపు పలకరింపులు పోకుండ ఆపుదురు. సంస్థల నడుమ, ఈ చిరునామా ఫలానావారిదని సంతకము గల పత్రములు చూచి నమ్ముదురు.

ఇంకొక మాట. ఈ విద్య ఉన్న త్రోవను వెదకును గాని, లేని త్రోవను సృష్టింపలేదు. రెండు కేబులులను ఒకే గోతిలో పరచి, మాకు రెండు త్రోవలు కలవని సంతోషించుట ఆత్మవంచన. త్రవ్వు యంత్రము రెంటిని ఒక్క దెబ్బతో తెంచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు స్తంభములు కూలి, కరెంటు పోయి, టెలిఫోనులు మూగవోయినవి. అట్టి వేళ స్విచ్చి తెలివి ఒక్కటే చాలదు. వేరు వీధి వెంట పోవు కేబులు, తీగ అక్కరలేని రేడియో లంకె, కరెంటు పోయినను నడచు బ్యాటరీ, ఇవి ముందుగా ఉండవలెను.

మా కేంద్రమున ఆ సాయంకాలము తరువాత రెండు కేబులులకును ఈ పద్ధతిని అమర్చిరి. అమర్చిన ఇంజనీరు, "కాగితముపై బాగున్నది, తీగ పీకి చూడనిదే నేను నమ్మను" అనెను. ఒక ఆదివారము మధ్యాహ్నము పాత పాటల కార్యక్రమము సాగుచుండగా, ఆయన మొదటి తీగను తన చేతితో లాగివేసెను. నేను పక్క గదిలో రేడియో వద్ద చెవి ఒగ్గి నిలిచితిని. పాటలో ఒక అక్షరము జారినట్లయినది, మరల సాగినది. ఒక్క శ్రోతయు ఉత్తరము వ్రాయలేదు, టెలిఫోను చేయలేదు. నాటినుండి ఏటేట తుఫానుల కాలము రాకముందే ఒక ఆదివారము ఆ తీగను పీకి చూచుట అచట ఆచారమైనది.